బొంత కుట్టిన చేతులతో క్రిస్మస్ నక్షత్రాలు

నా పేరు నూకాలు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే గౌరి రాస్తోంది. గౌరి నాతో పదిహేనేళ్ళు కుట్టిన మనిషి, నన్ను అప్పా అంటుంది, అంటే అక్కా అని. "యాస ఉంచీమంటావా అప్పా, తీసీమంటావా?" అని అడిగింది. రాత రాతలా ఉండనీ, మనుషుల నోటి మాట మాత్రం వాళ్ళ నోట్లో ఉన్నట్టే ఉండనీ అన్నాను.

రాజాం చుట్టుపక్కల ఇప్పుడు క్రిస్మస్‌కి ఇంట్లో పెట్టుకునే గుడ్డ సామాను కుట్టే ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. గోడకి తగిలించే బొంత బొమ్మలు, దూది పెట్టిన నక్షత్రాలు, గుమ్మానికి తోరణాలు, క్రిస్మస్ చెట్టు మొదట్లో పరిచే గుండ్రటి గుడ్డ. కొత్తగా వచ్చే పిల్లలకి ట్రైనింగులో సూది ఎలా పట్టాలో చెబుతారు. ఎవరు ఏమంటే ఏమనాలో చెప్పరు. అది నేను చెబుతాను. ఎవరికైనా కోపం వస్తే రానీ. నా వేళ్ళ కణుపులు బిగుసుకుపోయాయి, సూది పట్టలేను. ఇక నాకు ఎవరితోనూ పని లేదు, భయమూ లేదు.

తట్ట కింద నక్షత్రం

మాది సముద్రం ఒడ్డు ఊరు. నా మొగుడు వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ సంగతి ఇక్కడ చెప్పను, అది వేరే ఏడుపు. అప్పుడు నాకు ముప్పై ఏళ్ళు కూడా లేవు. రాజాంలో మా అక్క ఇంటికి వచ్చి చేరాను. పొద్దున్న తట్ట నెత్తిన పెట్టుకుని ఎండుచేపలు అమ్మేదాన్ని, మధ్యాహ్నం బొంతలు కుట్టేదాన్ని. పాతచీరలు నాలుగు మడతలు పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, అంచు నుంచి కచ్చా కుట్టు వేసుకుంటూ పోవడం. మా ఊళ్ళో పుట్టిన ప్రతి ఆడపిల్లకీ వచ్చే పనే.

మా అక్క అత్తగారు మంచిదే, కాని గుమ్మం ముందు నన్ను ముగ్గు వేయనిచ్చేది కాదు. మొగుడు లేని చెయ్యి గుమ్మం ముందు పడకూడదట. పెళ్ళికి ముందు మా వీధి వీధంతా నా ముగ్గు చూసి కలుపుకునేవాళ్ళు. చెయ్యి ఊరుకుంటుందా? గుమ్మం కాదంటే గుడ్డ ఉంది కదా అనుకున్నాను. సుద్దముక్కతో గుడ్డ మీద చుక్కలు పెట్టి, ఆ చుక్కల్ని దారంతో కలపడం మొదలుపెట్టాను. ఆ అత్తగారు నేను కుట్టిన ముగ్గు మీదే పడుకుని నిద్రపోయేది. ఏమీ కాలేదు ఆవిడకి. తొంభై ఏళ్ళు బతికింది.

తట్ట కింద నెత్తి మీద పెట్టుకునే చుట్టకుదురు కూడా బొంతలాగే కుట్టుకున్నాను. దాని మీద ఎనిమిది కోణాల ముగ్గు. దాన్ని మొదట చూసింది మా టీచరమ్మ. బడిలో పనిచేసి రిటైరైన పెద్దావిడ, వాళ్ళు క్రైస్తవులు, నా దగ్గర ప్రతి వారం ఎండు నెత్తళ్ళు కొనేది. తట్ట దింపుతుంటే చుట్టకుదురు చేతిలోకి తీసుకుంది.

"ఇదేటే నూకాలూ, నెత్తిమీద నక్షత్రం ఎట్టుకుని తిరుగుతన్నావు?"

"నచ్చత్రం కాదమ్మా, ముగ్గు."

"నీకు ముగ్గు, మాకు నక్షత్రం. క్రిస్మస్‌కి మా గోడకి ఇంత పెద్దది కుట్టి పెడతావా, బొంతలాగ?"

"గోడకి బొంతేటమ్మా? గోడకి సలేస్తాదా?"

ఆవిడ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

కుట్టాను. నా పద్ధతిలో అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ పోయాను. నేల మీద బాగానే ఉంది. గోడకి తగిలించేసరికి మధ్యలో ఉబ్బి, ఏడో నెల కడుపులా ముందుకొచ్చింది. బొంత మీద మనిషి పడుకుంటాడు కాబట్టి ఉబ్బు కనబడదు, గోడ మీద ఏదీ దాగదు. అప్పటి నుంచి నడిమధ్య చుక్క దగ్గర మొదలుపెట్టి బయటికి కుట్టడం నేర్చుకున్నాను. మీరూ అలాగే కుట్టండి. టీచరమ్మ మాత్రం ఆ ఉబ్బు నక్షత్రాన్నే తగిలించుకుంది. "మరియమ్మ కూడా అప్పుడు నిండు మనిసేగా, సరిపోయింది" అంది.

ఆ రోజే ఆ కథంతా చెప్పించుకున్నాను. ఊరు కాని ఊళ్ళో నొప్పులు రావడం, ఎవరూ ఇంట్లోకి రానివ్వకపోవడం, పశువుల పాకలో పురుడు. అందులో నాకు తెలియనిదేమీ లేదు. తెలిసిన కథ కాబట్టి దాన్ని కుట్టగలను అనుకున్నాను.

అప్పలరాజు షెడ్డులో

టీచరమ్మ గోడ చూసి ఇంకో నలుగురు అడిగారు. ఆ మాట అప్పలరాజు చెవిన పడింది. ఆయన రాజాంలో కుట్టు షెడ్డు పెట్టి విశాఖపట్నం షాపులకి క్రిస్మస్ సామాను పంపేవాడు. నన్ను పిలిచి పనిలో పెట్టుకున్నాడు. ఆయన గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. చెడ్డవాడు కాదు. కూలి ఆపలేదు, పిల్లాడికి జ్వరం అంటే ఇంటికి పొమ్మనేవాడు. దారం వేలి మధ్య నలిపి అది నిలుస్తుందో తెగుతుందో చెప్పేవాడు. ఆ విద్య నాకు ఆయన దగ్గరే వచ్చింది. కాని బొమ్మ మాత్రం ఫోనులోంచి రావాలి, కాగితం మీద పడాలి, దానికి అంగుళాలు ఉండాలి. అంగుళాలు నాకు చదవడం రాదు. జానతో కొలిచి చుక్కలు పెడితే కసురుకునేవాడు.

మొదటి వారం నా చేతికి ఒక కాగితం ఇచ్చాడు.

"ఇదేటి బాబూ, బెల్లం దిమ్మకి కళ్ళు ఎట్టినట్టున్నాది?"

"మంచుమనిసి అప్పా. క్రిస్మస్ అంటే మంచు ఉండాల."

"మన దగ్గర మంచు ఎక్కడున్నాది?"

"అరకులో నేదేటి?"

"అరకులో పొగమంచు బాబూ. దానికి ముక్కెలగెడతావు?"

షెడ్డంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. కాని నా చేత ఆరేళ్ళు మంచుమనిషినే కుట్టించాడు. మంచుమనిషి, బండి లాగే జింక, మనం ఎన్నడూ చూడని ఏదో ముళ్ళాకు. కుట్టాను, పొట్ట కోసం. అవి చక్కగా ఉండేవి, అమ్ముడయ్యేవి కూడా. ఒక్కటీ నాది అనిపించలేదు. షెడ్డులో కుట్టే చేతులు తొమ్మిది మందివి, గీసే చెయ్యి ఒక్క ఫోనుది.

ఆరో ఏడు పనిలేని రోజుల్లో ఇంటి దగ్గర కూర్చుని నా సొంత గుడ్డ మీద చుక్కలు పెట్టుకున్నాను. తాటాకు పాక. లోపల మరియమ్మ, మా ఊరి ఆడవాళ్ళలా గోచీ పోసి చీర కట్టుకుని ఉంది. బిడ్డ వలతో కట్టిన ఉయ్యాలలో ఉన్నాడు. గుమ్మం బయట లాంతరు పట్టుకుని తండ్రి, పక్కన ఒక ఆవు. పైన ఎనిమిది కోణాల నక్షత్రం, నడిమధ్య నుంచి కుట్టినది. తీసుకెళ్ళి అప్పలరాజు బల్ల మీద పరిచాను.

"మరియమ్మకి గోసికట్టేటి అప్పా? ఎవులు కొంటారు?"

"పురుటాలు పట్టుసీర కట్టుకుంటాదేటి బాబూ?"

ఆయన జేబులోంచి ఫోను తీశాడు. ఫోటో తీసి విశాఖపట్నం షాపు మేడంకి పంపాడు. ఆవిడ నలభై అడిగింది.

అప్పుడు మా ఇద్దరికీ అందరి ముందూ ఒక మాట జరిగింది. "ఈ నలభై సక్కగా ఎల్లిపోతే, ఇంక షెడ్డులో బొమ్మ నీదే. నువ్వు గీస్తావు, మిగిలినోలు కుడతారు. ఎల్లకపోతే గీత మాట ఎత్తకూడదు" అన్నాడు. సరే అన్నాను. నా జీవితంలో నేను ఆశపడింది అదొక్కటే. ఎక్కువ కూలి కాదు, కుర్చీ కాదు. బొమ్మ నా చుక్కల్లోంచి రావాలి, అంతే.

నీరు చూపించాను

ఇది నా తప్పు. ఎవరి మీదా తోయను.

మా వైపు ఒక పద్ధతి ఉంది. బొంత కుట్టాక నీరు చూపించకుండా ఎవరి చేతికీ ఇవ్వకూడదు. ఒక్కసారి తడిపి ఆరేస్తే కుట్టు గుడ్డలోకి దిగి కూర్చుంటుంది, బొంత ఒంటికి మెత్తబడుతుంది. మా అమ్మ అలాగే చేసింది, వాళ్ళమ్మా అలాగే చేసింది. నీరు చూపని బొంత ఇవ్వడమంటే ఉప్పు చూడని కూర వడ్డించడం.

నలభై పాకలూ కుట్టడం అయింది. వెనక గుడ్డ పొందూరు నుంచి తెప్పించిన తెల్లటిది. మరియమ్మ చీర, అంచులు కుంకుమరంగు కొత్త గుడ్డ. తొట్టెలో నీళ్ళు నింపించాను. అప్పుడే గౌరి అడ్డం వచ్చింది. షెడ్డులోకి అప్పుడప్పుడే చేరింది, అంతకు ముందు బట్టల కంపెనీలో పనిచేసింది.

"అప్పా, గోడకి ఏలాడేదానికి ఉతుకెందుకు? కొత్త గుడ్డ, రంగు దిగిపోతాది."

"నాకు సెప్తన్నావేటే? నువ్వు పుట్టకముందు నుంచి కుడతన్నాను బొంతలు."

"ఒక్కటి తడిపి సూడప్పా, అన్నీ ఒద్దు."

"బొంత గురించి నాకు కంపెనీ గుంటపిల్లలు సెప్పే రోజులొచ్చినాయా? పో అవతలకి."

ఇక్కడ గౌరి రాయడం ఆపి నవ్వుతోంది. నవ్వనీ. ఆ రోజు మాత్రం ఏడ్చింది.

నలభై ఒక్కసారే ముంచాను. షెడ్డు మంచుమనుషుల్ని నేనెన్నడూ బొంతలు అనుకోలేదు, నీరు చూపలేదు, బొంత మాత్రం పుట్టి బుద్ధెరిగి పాతచీరలతోనే కుట్టాను. వందసార్లు ఉతికిన చీరలు, దిగాల్సిన రంగంతా మా తల్లుల చేతుల్లోనే దిగిపోయి వచ్చేవి. కొత్త గుడ్డకి ఇంకా దిగాల్సిన రంగు ఉంటుందని నా చేతులకి తెలియదు. తీసి ఆరేసేసరికి తెల్లటి ఆకాశం నలభైకి నలభై పాలలో కుంకుమ ఒలికినట్టు అయింది. కొన్నింట్లో మరకలు బిడ్డ ముఖం మీదకి కూడా పాకాయి.

పిల్లలూ, మీ అమ్మ నేర్పిన పద్ధతి గొప్పదే. కాని అది ఏ గుడ్డ మీద పుట్టిన పద్ధతో అడగండి. మీకంటే చిన్నవాళ్ళు ఒక్కటి తడిపి చూడమంటే ఒక్కటి తడిపి చూడండి. గౌరికి నేను క్షమాపణ చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. నాలుగు రోజులు ఎక్కువే.

ఆకాశం మీద ఆకాశం

అప్పలరాజు అరవలేదు. అరిచినా బాగుండేది. తీగల మీద ఆరుతున్న నలభైని ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళి, "అయిపోయిందప్పా. మాట మాటే. రేపు మంచుమనిసి ఎత్తుకో" అన్నాడు.

"తప్పు నా తొట్టిలో జరిగినాది బాబూ, నా గీతలో జరగనేదు. మేడంకి ఇచ్చీడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. నాకొగ్గేయ్."

"ఏటి సేస్తావు?"

"రంగు దిగిపోయిన గుడ్డ తెస్తాను."

మర్నాడే బస్సెక్కి మా ఊరు వెళ్ళాను. మొగుడు పోయాక ఆ ఊరు వెళ్ళడం నాకు ఇష్టం ఉండేది కాదు. వెళ్ళాను. ఇంటింటికీ తిరిగి పాత లుంగీలు అడిగాను. నీలం గళ్ళ లుంగీలు, ఉప్పునీళ్ళకీ ఎండకీ వెలిసి, ఒకటి తెల్లవారుజాము ఆకాశంలా, ఒకటి మబ్బుపట్టినట్టు, ఏ రెండూ ఒకలా లేవు. "ఎండుసేపల నూకాలు ఇప్పుడు సిరిగిన లుంగీలు ఏరుకుంటన్నాదే" అని ఒకామె అంది. "నీ మొగుడి లుంగీ గోడెక్కుతాది సూడు, నీ మొగుడు ఎక్కలేని ఇంట్లో" అన్నాను. నవ్వుతూ రెండు ఇచ్చింది.

ఆరుగురం కూర్చున్నాం. నక్షత్రం ఊడదీసి, మరకపడ్డ ఆకాశం మీద లుంగీ ఆకాశం వేసి, మళ్ళీ నక్షత్రం కుట్టాం. బిడ్డ ముఖాలు మార్చాం. ఈసారి ఒకటి తడిపి చూశాం, గౌరి చేత్తోనే. చుక్క రంగు దిగలేదు. తొమ్మిదో రోజుకి నలభై సిద్ధం. మొదటి వాటికంటే బాగున్నాయి. గొప్పకి చెప్పడం లేదు, నిజంగానే బాగున్నాయి. తెల్లటి ఆకాశం కింద ఆ పాక బొమ్మలా ఉండేది. లుంగీ ఆకాశం కింద మనుషులున్న ఇల్లులా ఉంది.

అప్పలరాజు, నేను మూటలు కట్టుకుని విశాఖపట్నం వెళ్ళాం. మేడం ఒకటి చేతిలోకి తీసుకుంది, ముచ్చటపడింది. తర్వాత ఆకాశాన్ని వేళ్ళతో తడిమింది.

"ఇది వాడిన బట్టా?"

అప్పలరాజు నోరు తెరిచాడు. "కాదు మేడం, అది అలగే వస్తాది, కొత్త డిజైన్…"

ఆయన మాట పూర్తి కాకముందే నేను అందుకున్నాను. "వాడిందేనమ్మా. సముద్రం మీద కట్టుకున్న లుంగీలు. సుబ్బరంగా ఉతికినాం. అందుకే రంగు దిగదు. ఇట్టమైతే తీసుకో."

ఆవిడకి ఇష్టం కాలేదు. ఎవరో కట్టుకున్న గుడ్డ పండగకి ఎవరు కొంటారు అంది. నలభై మళ్ళీ మా మూటల్లోకి వచ్చాయి.

తిరుగు బస్సులో అప్పలరాజు మూటలు సీటు కిందకి తోశాడు. "ఒక్క అబద్ధం అప్పా. ఒక్కటి. అది ఆడనిచ్చుంటే రేపట్నుంచి గీత నీదే" అన్నాడు.

ఆ మాట నిజమే. కాని ఆ ఆకాశం కొత్తదని చెప్పి అమ్మితే, ఆ బొమ్మ నాది ఎలా అవుతుంది?

తట్ట మళ్ళీ నెత్తికెక్కింది

మళ్ళీ మంచుమనిషి కుట్టలేను, షెడ్డు మానేస్తాను, ఈ నెల కూలి వద్దు, ఆ నలభై నాకిచ్చెయ్ అన్నాను. ఇచ్చాడు. గౌరి కూడా నాతో షెడ్డు మానేసి వచ్చేసింది. ఎందుకొచ్చావే అంటే, "నిన్ను తిట్టీడానికి రోజూ దగ్గరుండాల కదా" అంది.

డిసెంబరు మొదటి వారం. తట్టలో నెత్తళ్ళ బదులు పాకలు పెట్టుకుని, చేపలు అమ్మినట్టే కేకేసుకుంటూ చర్చి వీధుల్లో తిరిగాను. "పాకలమ్మో, పశుల పాకలో!" వీధి వీధంతా తలుపులు తీసింది, నాకు పిచ్చెక్కిందేమో చూద్దామని.

"ఒసే నూకాలూ, ఏసుబాబుకి ఎండుసేపల కంపు రాదేటే?" అని ఒకామె అరుగు మీంచి అరిచింది.

"ఆయన ఎనకాల తిరిగినోలు సేపలోలేనటమ్మా, మా టీచరమ్మ సెప్పినాది. ఆయనకి అలవాటే!"

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది, దిగి వచ్చి ఒకటి తీసుకుంది. వాడిన గుడ్డ అని ప్రతి ఇంటి దగ్గరా ముందే చెప్పాను. కొందరు తలుపేసుకున్నారు. కొందరు గళ్ళు తడిమి చూసి, మా నాన్న లుంగీ ఇలాగే ఉండేది అన్నారు. ఒకామె గోడకి పాక తీసుకుని, అదే గుడ్డతో మామిడాకుల తోరణం గుమ్మానికి కుట్టిమ్మంది. ఆ గుమ్మానికి తోరణం నేనే కట్టాను, నా ఈ చేత్తోనే. ఎవరూ ఆపలేదు. పండగ నాటికి తట్టలో ఐదు మిగిలాయి. అన్నీ అమ్ముడైపోయాయని చెప్పుకుంటే బాగుంటుంది, కాని మిగిలాయి.

ఆ తర్వాత మా అక్క వసారాలో నేనూ, గౌరీ, ఇంకో ముగ్గురూ కూర్చుని కుట్టడం మొదలుపెట్టాం. నేను చుక్కలు పెట్టేదాన్ని. వాళ్ళు కుట్టేవాళ్ళు. నచ్చకపోతే తిట్టేవాళ్ళు.

మరుసటి ఏడు వానలు తగ్గాక అప్పలరాజు వచ్చాడు. చేతిలో తెల్ల కాగితం.

"అప్పా, మేడం ఆ పాక అడుగుతంది. ఎవుల ఇంట్లోనో సూసినాదట. నాటి ఫోటో పాత ఫోనుతోటే పోయినాది. కొత్త గుడ్డతో సేద్దాం, ముందే తడిపి. ఒక్కటి కాగితం మీద గీసియ్యి సాలు."

"ఎవులి పేరు మీద?"

"షెడ్డు పేరే. నీ పేరెడితే… నువ్వు ఏటనుకోకు. పండగ సామాను కదా, అందులోని నువ్వు…"

ఆ మాట నేనే పూర్తి చేశాను. "ముండమోసిన సెయ్యి. అంతేనా బాబూ?"

కాగితం ఇలా ఇమ్మన్నాను. గౌరి దగ్గర పెన్సిలు తీసుకుని, మెట్టు మీద కూర్చుని, వరసగా చుక్కలు పెట్టాను. ఒక్క చుక్క తక్కువ కాకుండా, పాకకి ఎన్ని కావాలో అన్నీ పెట్టి ఇచ్చాను.

"ఇదేటి, సుక్కలేనా? గీతలేవి?"

"గీతలు నా పేరుతోటి వస్తాయి బాబూ. పేరు ఎడతానంటే సెప్పు, ఇప్పుడే గీసిస్తాను."

ఎండలో నిలబడి ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆయన వస్తే బాగుండునని నేను అనుకోలేదంటే అబద్ధం. పనిలేని రెండు వానాకాలాలు అనుకున్నాను. పిలిచి గీసిచ్చేద్దామా అని కూడా అనుకున్నాను. ఇవ్వలేదు.

ఆ కాగితం ఇంకా షెడ్డులోనే ఉందట. గోడకి అంటించాడట. కొత్తగా పనికి ఎవరొచ్చినా పెన్సిలు ఇచ్చి, "ఇది కలుపు సూద్దాం" అంటాడట. ఒకామె తాబేలు చేసిందట. ఒకామెకి పద్మం వచ్చిందట. ఇంజినీరింగు చదివిన ఆయన మేనల్లుడు ఒక పూటంతా కూర్చుని ఏదో తెరచాప లాంటిది తేల్చాడట. పాక మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ రాలేదట.